ఎల్క్ వేటకు బట్టలు, బూట్లు, సంచి: ఒక తూకం డైరీ

అమెరికాలోని కొలరాడోలో ఎల్క్ అనే పెద్ద జింకను రైఫిల్‌తో వేటాడనిచ్చే, అక్టోబరు చివర్లో వచ్చే రెండో రైఫిల్ సీజను. చోటు ఫ్లాట్ టాప్స్ విల్డర్‌నెస్ అనే రక్షిత కొండ అడవి, ఎత్తు 9,500 నుంచి 10,500 అడుగులు. కారు దిగాక నాలుగు రాత్రులు కొండ మీదే. ఇద్దరం: నేను, మా బావమరిది. పగలు ఎండ కాస్తే 10 డిగ్రీలు, తెల్లవారుజామున మైనస్ 10, మధ్యలో ఎప్పుడైనా మంచు. ఇలాంటి వేటకు సామాను కూర్చుకునేవాళ్ళు మా తూకాలు తీసుకుని వాడుకోవచ్చు, మా దగ్గర పనికిరానివి కొనకుండా డబ్బు మిగుల్చుకోవచ్చు. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. ఇక్కడ రాసేదంతా లైసెన్సుతో, అమెరికాలో చేసేదే.

దశ 0: మన చేతిలో లేనివి

1. 1949 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకు హంటర్ ఎడ్యుకేషన్ (వేట శిక్షణ) కార్డు ఉంటేనే మామూలుగా కొలరాడోలో లైసెన్సు ఇస్తారు.
2. రైఫిల్ సీజనులో నడుము పైన 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగో, గులాబీ రంగో వేసుకోవాలి. తల మీద కూడా అదే రంగు, నాలుగు వైపుల నుంచీ కనిపించాలి. ఆకుల బొమ్మలు కలిసిన నారింజ చెల్లదు.
3. జంతువును కొట్టాక తినదగిన మాంసం వదిలేసి రాకూడదు. నాలుగు కాళ్ళూ, వీపు బద్దలూ, నడుము లోపలి మెత్తని కండా దించాల్సిందే.
4. 1964 నాటి విల్డర్‌నెస్ చట్టం ప్రకారం లోపలికి చక్రం రాకూడదు. మాంసం లాగే చేతిబండి కూడా కుదరదు.

వీసా మీద ఉన్నవాళ్ళకు ఒక మాట. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాలతో వచ్చినవాళ్ళు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టంలో మామూలుగా నిషేధం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు అందులో ఒక మినహాయింపు. స్నేహితుడి మాట నమ్మి కొనకండి, లాయరును అడిగి కొనండి.

పైవాటిలో 3, 4 కలిస్తే మిగతా లెక్కంతా అందులోంచే వస్తుంది. పెద్ద మగ ఎల్క్ ఎముక తీశాక కూడా 90 నుంచి 100 కిలోల మాంసం. మనిషికి విడతకు 25 నుంచి 30 కిలోలు వేసుకుంటే నాలుగు మోతలు, అంటే తలా రెండు. కారు 4 కిలోమీటర్లలో ఉంటే మనిషికి మోతతో రెండుసార్లు, ఖాళీగా ఒకసారి, మొత్తం 12 కిలోమీటర్ల నడక. గుడారం, పడకలు దించడం దీనికి అదనం. అందుకే రెండు ప్రశ్నలకు జవాబు చెప్పలేని వస్తువు సంచిలోకి ఎక్కకూడదని మొదట్లోనే అనుకున్నాం: చెమట పట్టాక గంటన్నర కదలకుండా కూర్చున్నప్పుడు పనికొస్తుందా? వీపున 30 కిలోలతో దిగేటప్పుడు అడ్డం రాకుండా ఉంటుందా? నడకకు ఏదైనా సరిపోతుంది. నడిచేవాడికి చలి వేయదు.

మొదటి తూకం, రైఫిల్ కాకుండా, నీళ్ళూ తిండీ కలిపి: 25.05 కిలోలు.

దశ 1: ఒంటి మీది బట్టలు

పరీక్ష లేక్‌వుడ్‌లోని గ్రీన్ మౌంటెన్ మీద, చలి రోజుల్లో. పద్ధతి ఇది:

1. చొక్కా పొడిగా తూచు.
2. 10 కిలోల బరువుతో ఆగకుండా పైకి ఎక్కు.
3. పైన చొక్కా విప్పి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మళ్ళీ తూచు.
4. అదే తడి చొక్కా తొడుక్కుని గాలికి ఎదురుగా 90 నిమిషాలు కూర్చో.

నూలు టీషర్టు 180 గ్రాములది 310 అయింది. పాలిస్టర్ 140 నుంచి 195. పలుచని మెరీనో ఉన్ని 170 నుంచి 235. పాలిస్టర్ తక్కువ నీరు పట్టింది, అన్నిటికన్నా ముందు ఆరింది కూడా. అయినా నేను మెరీనోనే ఉంచుకున్నాను. ఆరే లోపు ఒంటికి చల్లగా తగలనిది అదొక్కటే, పైగా నాలుగో రోజుకు కూడా కంపు కొట్టదు. నూలు చొక్కాతో 40 నిమిషాలకే పళ్ళు టకటకలాడాయి, పరీక్ష అక్కడితో ఆపేశాను. లోదుస్తులు కూడా నూలువి వద్దు. ఈ సంగతి చాలామంది మర్చిపోతారు.

మెరీనో మీద గళ్ళ నేత ఉన్న పలుచని ఫ్లీస్ (మెత్తని కృత్రిమ గుడ్డ) చొక్కా, దాని మీద గాలి ఆపే పలుచని చొక్కా. ఎక్కేటప్పుడు ఇవే. కూర్చున్న మరుక్షణం వీటన్నిటి మీద దూది కోటు. ఇక్కడ మొదటి కోటు మార్చాల్సి వచ్చింది. కొలతకు సరిగ్గా ఉన్న కోటు ఫ్లీస్ మీద వేస్తే బిగిసి, లోపలి దూది నలిగి, వెచ్చదనం పోతోంది. ఒక సైజు పెద్దది తెచ్చాను. ఈకల కోటు అయితే 150 గ్రాములు తేలిక, కానీ తడిస్తే ముద్దయిపోతుంది. మనం దాన్ని వేసుకునేదే చెమట చొక్కా మీద. అందుకే కృత్రిమ దూది.

అసలు లాభం ప్యాంటులో దొరికింది. తొడలు చల్లబడితే కోటు ఎంత మందమైనా లాభం లేదు. పక్కల నడుము నుంచి మడమ దాకా జిప్ ఉన్న దూది ప్యాంటు, 520 గ్రాములు. బూట్లు విప్పకుండా, నడిచే ప్యాంటు మీదే అర నిమిషంలో తొడుక్కోవచ్చు. ఇది వచ్చాక రెండో ప్యాంటూ, అదనపు ఫ్లీసూ సంచిలోంచి దిగిపోయాయి.

చప్పుడు పరీక్ష: బావమరిది 30 అడుగుల దూరంలో కళ్ళు మూసుకుని నిలబడతాడు, నేను చెయ్యి భుజం దాకా ఎత్తి దించుతాను, వినపడితే వేలెత్తాలి. గట్టి వానకోటుకు నేను చెయ్యి సగం ఎత్తకముందే వేలు లేచింది. "బావా, అది కోటా, అప్పడాల కట్టా? ఎల్క్ పక్క జిల్లాకు పోతుంది," అన్నాడు. ఫ్లీసుకూ, పైన నూగు ఉన్న గుడ్డకూ వేలు లేవలేదు. వానకోటు సంచిలోనే ఉంటుంది, వాన పడితేనే బయటికి వస్తుంది.

రంగు గురించి. ఎల్క్, జింక జాతి కళ్ళకు ఎరుపు, నారింజ మనకు కనిపించినంత తేడాగా కనిపించవు. నీలం వైపు రంగులు మాత్రం బాగా పడతాయి. బట్టలకు తెల్లదనం తెచ్చే సబ్బులో ఉండే మెరుపు మందు అతినీలలోహిత కాంతిని నీలంగా మార్చి వెలువరిస్తుంది. చీకటి గదిలో అతినీలలోహిత కాంతి టార్చి వేసి చూశాను. మామూలు సబ్బుతో ఉతికిన బూడిద రంగు ప్యాంటు నీలంగా వెలిగింది. ఆకుల బొమ్మల చొక్కాకు వందల డాలర్లు పోసే బదులు, మెరుపు మందూ సువాసనా లేని సబ్బు ఒక సీసా కొనండి. పాత బట్టలకు అంటిన మెరుపు ఒక ఉతుకుకు పోదు. బాగా వెలిగేవాటిని పక్కన పెట్టేశాను.

మోసే బట్టలు, తొడుక్కున్నవి కాక: దూది కోటు 640, దూది ప్యాంటు 520, వానకోటు 380, వాన ప్యాంటు 260, నిద్రకు పొడి మెరీనో జత 400, రెండు జతల సాక్సులు 160, వేళ్ళు కలిసిన చేతి తొడుగులు 190, టోపీ, మెడ గుడ్డ 100. మొత్తం 2,650 గ్రాములు. తీసేసినవి: రెండో ప్యాంటు 560, ఫ్లీస్ 450, అదనపు సాక్సులు 160, రెండో చేతి తొడుగులు 80.

నడుస్తున్న మొత్తం: 23.80 కిలోలు.

దశ 2: బూట్లు

ఎక్కువ సమయం తిన్న దశ ఇదే. బూట్లు తొడుక్కునే ఉంటాం కనుక సంచి తూకంలోకి రావు, కానీ కాలి మీద అర కిలో వీపు మీద ఎన్నో రెట్ల బరువన్నది నడిచేవాళ్ళందరికీ అనుభవమే.

పాదం కొలవడం సాయంత్రం, వేసుకోబోయే సాక్సుతో, నిలబడి. ఎడమ 26.8, కుడి 27.2 సెంటీమీటర్లు. పెద్ద పాదానికి కొనాలి. పొడవు ఒక్కటే చాలదు. దుకాణంలో ఉండే ఇనుప కొలబద్ద మడమ నుంచి బొటనవేలి కీలు దాకా ఉన్న దూరం కూడా చూపిస్తుంది. బూటు మడత పడేది అక్కడే. నా పాదానికి వేళ్ళ దగ్గర వెడల్పు ఎక్కువ, మడమ సన్నం. చెప్పులతో పెరిగినవాళ్ళలో మా ఇంట్లో అందరిదీ ఇదే తీరు. ముందు వెడల్పు చాలే బూటులో మడమ జారుతుంది, మడమ పట్టే బూటు చిటికెనవేలిని నొక్కుతుంది.

మూడు జతలు పోటీ పడ్డాయి. మోత 25 కిలోలు, గడ్డి వాలు మీద అడ్డంగా నడక, తర్వాత నిటారు దిగుడు.

తేలిక గుడ్డ బూట్లు, జత 1,150 గ్రాములు: కాలిబాట మీద హాయి. అడ్డవాలు మీద బరువుతో నడిస్తే అడుగు మెలికపడి, పాదం బూటు అంచు మీదికి జారింది. దిగేటప్పుడు బొటనవేళ్ళు ముందు గోడకు గుద్దుకున్నాయి. తీసేశాం.

చదరపు మీటరుకు 400 గ్రాముల మందం దూది వేసిన రబ్బరు అడుగు బూట్లు, జత 2,150: కూర్చోవడానికి వీటికి మించినవి లేవు. ఎక్కుడులో సాక్సు తడిసి పిండితే నీళ్ళు కారేలా అయింది. ఆ తడితో కూర్చుంటే దూది ఉండీ లేనట్టే. కారు దగ్గర మంచె మీద కూర్చునేవాళ్ళకు మంచివి, మాకు కాదు.

దూది లేని, గట్టి అడుగున్న తోలు బూట్లు, జత 1,750: ఇవే ఉండిపోయాయి. కానీ తెచ్చిన రోజున ఉన్నట్టు కాదు. మడమ 8 మిల్లీమీటర్ల దాకా పైకి లేచి పొక్కు వచ్చింది. మార్పులు, వరసగా:

1. లోపలి అట్ట తీసి, పాదం వంపుకు సరిపడే గట్టి అట్ట వేశాను. లేవడం 5 మిల్లీమీటర్లకు తగ్గింది.
2. పాదం మీదికీ చీలమండకూ మధ్య తాడును రెండుసార్లు మెలేసి ముడి వేశాను. కింది భాగం వదులుగా, పైభాగం బిగువుగా విడివిడిగా నిలుస్తుంది. 2 మిల్లీమీటర్లు.
3. చిటికెనవేలి దగ్గర తోలును దుకాణంలో సాగదీయించాను.
4. దిగే ముందు ముడి విప్పి పైభాగం మళ్ళీ బిగించడం. బొటనవేళ్ళు బతికాయి.
5. కాలు వేడెక్కుతున్నట్టు అనిపించిన నిమిషంలోనే ఆగి గట్టి అంటుపట్టీ. పొక్కు లేచాక వేస్తే ఫలితం ఉండదు.

కూర్చున్నప్పుడు పాదాలు చల్లబడటానికి సగం కారణం కింద ఉన్న మంచు. పాత నురుగు చాప నుంచి 30 × 40 సెంటీమీటర్ల ముక్క కోసి పాదాల కింద పెట్టుకున్నాం. 70 గ్రాములు. దూది బూట్లు చేయాల్సిన పనిలో చాలా వరకు ఇదే చేసింది.

రెండు హెచ్చరికలు. తడిసిన తోలు బూట్లను మంట దగ్గర ఆరబెడితే తోలు పగులుతుంది, అడుగు జిగురు వదులుతుంది. గడ్డకట్టకుండా రాత్రి సంచిలో చుట్టి నిద్రసంచి కాళ్ళ దగ్గర పెట్టుకోండి. రెండోది, అటక మీద ఏళ్ళ తరబడి ఉంచిన "కొత్త" బూట్లు చవకగా దొరికాయని కొనకండి. పాలీయురేథేన్ మధ్య పొర వాడకపోయినా గాలిలో తేమకు పాడవుతుంది. బావమరిది తెచ్చిన అలాంటి జత అడుగు మొదటి ఎక్కుడులోనే బిస్కెట్టులా పొడయింది.

నడుస్తున్న మొత్తం: మార్పు లేదు, 23.80 కిలోలు.

దశ 3: సంచి, ఇది ఒక్కటే బరువు పెరిగింది

ఉన్న ట్రెక్కింగు సంచి 1,900 గ్రాములు. 18 కిలోలకు ఏ ఇబ్బందీ లేదు. మాంసం మోతకు మాత్రం పరీక్ష కావాలి. ఇసుక సంచులు అడుగుకు జారిపోయి మోసం చేస్తాయి. మన ఇళ్ళలో ఉండే సరుకే బాగా పనికొచ్చింది: 20 పౌండ్ల సోనా మసూరి బస్తాలు మూడు, 27.2 కిలోలు. మెత్తగా ఒరిగే తీరులో మాంసం సంచికి దగ్గరగా ఉంటాయి.

పాత సంచి ఫలితం: అర కిలోమీటరు లోపే నడుము పట్టీ తుంటి మీంచి జారింది. బరువంతా భుజాల మీద పడింది. చట్రం పైఅంచు నా భుజాల కన్నా కిందే ఆగిపోవడం దీనికి కారణం. భుజం పట్టీలను పైకి లాగే చిన్న పట్టీలకు కోణమే దొరకలేదు.

కొత్తది చట్రానికీ సంచికీ మధ్య మోత పెట్టుకునే ఖాళీ ఉన్న రకం, 2,900 గ్రాములు. ఒక కిలో ఎక్కువ. కొనే ముందు మెడ వెనక పొడుచుకొచ్చే ఎముక నుంచి తుంటి ఎముకల పైఅంచు గీత దాకా కొలవండి. నాది 47 సెంటీమీటర్లు. మన ఎత్తుతో దీనికి సంబంధం తక్కువ. బావమరిది నాకన్నా మూడంగుళాలు పొడుగు, వాడి కొలత 46.

మోత కట్టే వరస:

1. సంచి తెరిచి చట్రం నేల మీద వెల్లకిలా పెట్టు.
2. బరువు చట్రానికి అంటుకునేలా, భుజం ఎముకల మధ్య ఎత్తున ఉండాలి. కింద ఖాళీ ఉంటే నిద్రసంచి కుక్కు.
3. అడ్డ పట్టీలు ముందు, నిలువు పట్టీలు తర్వాత బిగించు.
4. తొడుక్కుని ముందు నడుము పట్టీ, తర్వాత భుజాలు, చివర పై పట్టీలు.

ఇదే 27.2 కిలోలు నడుము దగ్గర కట్టినప్పుడు వెనక్కి లాగింది, రెండు అంగుళాలు పైకి జరిపితే నడక నిటారుగా వచ్చింది. చేతికర్రలు లేకుండా ఈ మోతతో దిగకండి. మోకాళ్ళ కోసమే కాదు, మంచు కింద దుంగ ఉందో లేదో ముందే పొడిచి చూడటానికి కూడా.

సంచి తొడుక్కుంటే వీపు మీది నారింజ చొక్కా కనపడదు. మాంసం మోసేవాడు చెట్ల మధ్య గోధుమరంగు మూటలా కదులుతుంటాడు. అందుకని సంచి మీద ఇంకో నారింజ గుడ్డ కట్టాం. ఒంటి మీదిది చట్టం కోసం, ఇది ప్రాణం కోసం.

నడుస్తున్న మొత్తం: 24.80 కిలోలు.

దశ 4: పడక, గుడారం

కొలరాడోలోని గ్వానెల్లా పాస్ కనుమ కింద ఒక రాత్రి మైనస్ 7. నిద్రసంచి మీద రాసి ఉన్నది మైనస్ 9, అయినా తెల్లవార్లూ వణుకే. ఆ అంకె తట్టుకోగల హద్దు, హాయిగా పడుకునే వేడి కాదు. లోపల చిన్న అక్షరాల్లో ఉన్న "కంఫర్ట్" అంకె చూసి కొనండి. కింద చాప ఆర్ విలువ, అంటే నేల చలిని ఆపే శక్తి కొలత, 3.2 మాత్రమే. చాపలు ఒకదాని మీద ఒకటి వేస్తే ఆర్ విలువలు కలుస్తాయి. 390 గ్రాముల నురుగు చాప 2.0 కలిపి 5.2 చేసింది. వణుకు తగ్గింది.

రెండు పొరల గుడారం 2,300 గ్రాములు పోయి, నేల లేని, చేతికర్రతో నిలబెట్టే గుడారం 1,050 వచ్చింది. మొదటి రాత్రే లోపలి గోడల మీంచి ఊపిరి ఆవిరి నీళ్ళై ముఖం మీద రాలింది. లోయ అడుగున వేయడం ఒక కారణం, చల్లగాలంతా అక్కడే నిలుస్తుంది. కింది అంచు జానెడు ఎత్తి, వంద అడుగులు పైకి జరిగాక చుక్కలు ఆగాయి. నేల గడ్డకడితే సన్నని మేకులు వంగుతాయి. కర్రకు తాడు కట్టి మంచులో పాతడం నేర్చుకోండి.

గుడారం 1,050, మేకులు, నేలగుడ్డ 480, నిద్రసంచి 1,350, గాలి చాప 560, నురుగు చాప 390, పాదాల ముక్క 70: మొత్తం 3,900. ముందు 5,200.

నడుస్తున్న మొత్తం: 23.50 కిలోలు.

దశ 5: పొయ్యి, తిండి, నీళ్ళు

10,000 అడుగుల ఎత్తున నీళ్ళు సుమారు 90 డిగ్రీలకే మరుగుతాయి. కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకే, బియ్యం కూడా గ్యాసు తినేస్తుంది. ఇంట్లో వండి, ఆరబెట్టి, పొడిగా పట్టుకెళ్ళిన అన్నం, పప్పు మాత్రమే మెత్తబడతాయి. వేడినీళ్ళు పోసి మూతపెట్టి, టోపీలో చుట్టి 20 నిమిషాలు. అన్నిటికన్నా తెలివైనవి అటుకులు, చల్లనీళ్ళకే లొంగుతాయి. వేరుశనగ చిక్కీ మైనస్‌లో రాయి, పన్ను విరుగుతుంది. ఒంటికి అంటుకుని ఉండే జేబులో పెట్టుకోండి. నెయ్యి గ్రాముకు 9 కేలరీలు, గడ్డకట్టినా చెంచాతో తినొచ్చు. రోజుకు 750 గ్రాములు, నాలుగు రోజులకు 3,000. డబ్బా తిండి ఉన్నప్పుడు 4,000.

మైనస్ 8లో బయట వదిలిన గ్యాసు డబ్బాతో అర లీటరు మరగడానికి 9 నిమిషాలు, రాత్రంతా నిద్రసంచిలో ఉంచిన డబ్బాతో 4. సముద్రమట్టం లెక్కలో మామూలు బ్యూటేన్ మైనస్ 0.5 దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది, ఐసోబ్యూటేన్ మైనస్ 11.7 దాకా పనిచేస్తుంది. డబ్బా మీద మిశ్రమం చదివి కొనండి.

బోలు పోగుల నీటి వడపోత ఒక్కసారి గడ్డకడితే లోపల చిట్లుతుంది, బయటికి ఏమీ తెలియదు. అదీ నిద్రసంచిలోకే. ఆ సంచిలో రాత్రికి గ్యాసు డబ్బా, వడపోత, బూట్లు, ఫోను, నేను.

వంట సామాను 1,350 నుంచి 900. దారిలో వాగు ఉంది కనుక నీళ్ళు 3 లీటర్ల నుంచి 2.

నడుస్తున్న మొత్తం: 21.05 కిలోలు.

దశ 6: కోత సామాను, దుర్భిణి, మిగతావి

రంపం అక్కర్లేదు. పొట్ట తెరవకుండా ఒక పక్క చర్మం వొలిచి, కాళ్ళు కీళ్ళ దగ్గర కత్తితో విడదీసి, తర్వాత రెండో పక్క తిప్పే పద్ధతికి కత్తి చాలు. గాలి ఆడే మాంసం సంచులు ఐదు 420, గట్టి కత్తి 160, అలుగు మార్చే కత్తి 90, తాడు 110, చేతి తొడుగులు, గుర్తు టేపు 70. మొత్తం 850. రంపం 390, సానరాయి 160 దిగాయి. ప్లాస్టిక్ సంచుల్లో మాంసం కట్టకండి, వేడి బయటికి పోక చెడుతుంది. ఆడో మగో తెలిపే గుర్తు మాంసానికి అంటుకుని ఉండాలన్నది కొలరాడో నియమం. కోసేటప్పుడే గుర్తుపెట్టుకోవాలి.

దూరదర్శినీ, దాని మూడుకాళ్ళూ కలిపి 1,800 గ్రాములు. దట్టమైన ఆస్పెన్, స్ప్రూస్ చెట్ల మధ్య దానికి పని తక్కువ, తీసేశాను. 10×42 దుర్భిణి, ఛాతీ జోలె, దూరం కొలిచే యంత్రం కలిపి 1,250 ఉన్నాయి. దూరదర్శిని తీసేయడానికి బావమరిది ఇప్పటికీ ఒప్పుకోలేదు, దాన్ని తన సంచిలో పెట్టుకుంటానన్నాడు, పెట్టుకోనీ.

ఉపగ్రహ సందేశ యంత్రం 100, ప్రథమ చికిత్స 350, తల దీపాలు రెండు 180, పవర్ బ్యాంకు 350, దిక్సూచి, మ్యాపు 90, అగ్గి సామాను 80. మొత్తం 1,150. పెద్ద టార్చి 100 తీసేశాను.

నడుస్తున్న మొత్తం: 18.60 కిలోలు. రైఫిల్ 3.7 కిలోలు వేరుగా.

దశ 7: పూర్తి మోతతో రిహార్సల్

అక్టోబరు మొదటి వారం. 18.6 కిలోలతో లోపలికి, తిండీ నీళ్ళూ తగ్గాక మూడు బియ్యం బస్తాలతో ఒక విడత బయటికి. భుజాలు, మడమలు బాగానే ఉన్నాయి. తేలనివి రెండు. భుజానికి వేసిన రైఫిల్ పట్టీ సంచి పట్టీ మీంచి జారుతూనే ఉంది. సంచికి పక్కన బిగించే కొక్కెం తెప్పించాను, ఇంకా వాడలేదు. చేతి తొడుగులతో ట్రిగ్గరు దగ్గరికి వేలు పోదు, పలుచనివి వేసుకుంటే పది నిమిషాల్లో వేళ్ళు మొద్దుబారుతున్నాయి. ప్రస్తుతానికి వేళ్ళ కొసలు తెరుచుకునే ఉన్ని తొడుగులు, వాటి మీద మెడకు తాడుతో వేలాడే పెద్దవి. 60 గ్రాములు ఎక్కువ, 18.66.